తేదీ ఒకటే.. సంవత్సరాలు మూడు!

ఫిబ్రవరి 28 ఏం రోజు? జాతీయ సైన్స్‌ దినోత్సవం. ఇంతవరకూ ఠక్కున చెప్పేస్తారు. ఆ రోజే ఎందుకు అని అడిగితే మాత్రం చాలామంది ‘సి.వి.రామన్‌ పుట్టినరోజు కదా సార్‌’ అంటారు. కాదు. ఆయన పుట్టింది 1888 నవంబరు 7న. ఫిబ్రవరి 28 ఆయన రామన్‌ ఎఫెక్ట్‌ను కనుగొన్న రోజు. అది 1928. నోబెల్‌ వచ్చింది 1930లో. సైన్స్‌ దినోత్సవం జరపడం మొదలైంది 1987లో. ఈ నాలుగు సంవత్సరాలనే నాలుగు ఆప్షన్లుగా ఇస్తే మీరు ఏది పెడతారు?

గ్రూప్స్‌, ఎస్‌ఎస్‌సీ, బ్యాంకు.. ఏ పరీక్షకు సిద్ధమవుతున్నా ‘ముఖ్యమైన దినోత్సవాలు’ అనే జాబితా మీ దగ్గర ఉండే ఉంటుంది. దాన్ని ఎక్కాల్లా వల్లె వేస్తే పట్టుమని పది రోజులు గుర్తుండదు. కటాఫ్‌ దగ్గర అర మార్కుతో ఆగిపోయినవాళ్లు మీ హాస్టల్లోనే ఒకరిద్దరు ఉంటారు, వాళ్లనే అడిగి చూడండి.

కాబట్టి తేదీ పక్కన మూడు గళ్లు గీయండి. సంఘటన ఎప్పుడు జరిగింది, దినోత్సవంగా ఎప్పుడు ప్రకటించారు, మొదటిసారి ఎప్పుడు జరిపారు. ఫిబ్రవరి 21 తీసుకోండి. బెంగాలీ భాష కోసం ఢాకాలో విద్యార్థులు ప్రాణాలిచ్చింది 1952లో. యునెస్కో దాన్ని అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవంగా ప్రకటించింది 1999లో. జరపడం 2000 నుంచి. కథ తెలిస్తే సంవత్సరాలు వాటంతటవే వరుసలో నిలబడతాయి.

మన రాష్ట్రాల సంగతిలోనూ ఇదే తికమక. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడింది ఆంధ్ర రాష్ట్రం. 1956 నవంబరు 1న వచ్చింది ఆంధ్రప్రదేశ్‌. తెలంగాణ 2014 జూన్‌ 2. ‘ఆంధ్ర’, ‘ఆంధ్రప్రదేశ్‌’ మధ్య తేడా చూడకుండా బబుల్‌ దిద్దేశారో, మార్కు పోయినట్టే.

సినిమా ప్రశ్నలు తేలిక అనుకోవద్దు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’, దర్శకుడు హెచ్‌.ఎం.రెడ్డి. విడుదల 1931 సెప్టెంబరు 15 అని ఏళ్ల తరబడి పుస్తకాల్లో రాసుకున్నాం. తర్వాత పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి ఆధారాలు వెతికి, అది 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. సీనియర్లు ఇచ్చిన పాత నోట్సులో ఇంకా మొదటి తేదీయే ఉండొచ్చు. ఈరోజే దిద్దుకోండి.

ఇక జనవరి 25. మనకు జాతీయ ఓటర్ల దినోత్సవం. ఎన్నికల సంఘం ఏర్పడింది 1950లో ఆ రోజునే, దినోత్సవం మాత్రం 2011 నుంచి. అదే తేదీకి ఇంకో ముచ్చట ఉంది. 1921 జనవరి 25న ప్రాగ్‌లోని నేషనల్‌ థియేటర్‌లో చెక్‌ రచయిత కారెల్‌ చాపెక్‌ నాటకం ‘ఆర్‌.యు.ఆర్‌.’ వేశారు. ‘రోబో’ అనే మాట లోకానికి తెలిసింది ఆ నాటకంతోనే. అది ఏ ఇంజినీరో పెట్టిన పేరు కాదు. కారెల్‌ అన్న, చిత్రకారుడు జోసెఫ్‌ సూచించిన మాట. చెక్‌ భాషలో ‘రోబోటా’ అంటే వెట్టిచాకిరీ! నాటకంలో మనుషుల కోసం చాకిరీ చేసే ఆ రోబోలే చివరికి తిరగబడతాయి. ఏఐ వస్తే ఉద్యోగాలు ఉంటాయా పోతాయా అని గ్రూప్‌ డిస్కషన్‌లో వాదన నడిచేటప్పుడు, అందరూ చెప్పే నాలుగు మాటలకు బదులు ఈ వందేళ్ల నాటి సంగతితో మొదలుపెట్టి చూడండి. ప్యానెల్‌లో ఒక్కరైనా తల ఎత్తుతారు.

ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఇంకో పని ఉంది. ‘మీ పుట్టినరోజు ప్రత్యేకత ఏంటి?’ అనే ప్రశ్న ఎదురుకావచ్చు. ఆగస్టు 29న పుట్టినవాళ్లకు పండగే. గిడుగు రామ్మూర్తి జయంతి తెలుగు భాషా దినోత్సవం, ధ్యాన్‌చంద్‌ జయంతి జాతీయ క్రీడా దినోత్సవం, రెండూ ఆ రోజే. మిగతావాళ్లు కాస్త వెతుక్కోవాలి. ఒక్కటి గుర్తుంచుకోండి. ఇంట్లో కేక్‌ కోసే తేదీ వేరు, బడిలో చేర్చేటప్పుడు రాయించిన తేదీ వేరు అయినవాళ్లు మనలో తక్కువేం కాదు. బోర్డు ముందున్న కాగితంలో ఉండేది పదో తరగతి మెమోలోని తేదీయే. వెతికేది దాని గురించే వెతకండి.