తీగలేని మీట: ఇంటియందును, బావికడను దాని ఉపయోగము

రాత్రివేళ కరెంటు వచ్చినదని తెలిసినతోడనే దీపము చేతబట్టుకొని, పొలముగట్ల వెంట మోటారు వేయుటకు బోవు కష్టము మన సభ్యులలో చాలమంది యెఱిగినదే. త్రోవలో పాములు, తేళ్లు. బావికడ తడినేల, తుప్పుపట్టిన స్టార్టరు పెట్టె. ఇప్పుడు ఆ ప్రయాణము లేకుండ ఇంటనుండియే మోటారును నడుపుటకును, మంచముమీదనుండి లేవకయే దీపముల నార్పుటకును తగిన చిన్న పరికరములు అంగళ్లలో దొరకుచున్నవి. వానిని వైర్‌లెస్ రిలే స్విచ్చు లందురు. వెల స్వల్పమగుటచే మన గ్రామములలోని యువకులు తామే కొనితెచ్చి బిగించుకొనుచున్నారు. ఈ యుత్సాహము మెచ్చదగినదే. కాని ఆ పరికరము దేనికి దగును, దేనికి దగదు అను వివేకము లేనిచో పాముకాటు తప్పినను విద్యుద్ఘాతము తప్పదు. కావున దాని స్వరూపమును ఇచట వివరించుచున్నాము.

రిలే యననేమి?

కొలది విద్యుత్తుచే అధిక విద్యుత్తును కలుపుటకును, విడదీయుటకును ఏర్పడిన మీటయే రిలే. ఇనుపకడ్డీకి రాగితీగను చుట్టి, ఆ తీగయందు విద్యుత్తును ప్రవహింపజేసినచో కడ్డీ అయస్కాంతమగును. అది ఎదుటనున్న యినుపరేకును తనవైపునకు లాగును. రేకు కదలి, వేఱొక తీగ యొక్క రెండు కొనలను కలుపును. విద్యుత్తు ఆగినతోడనే స్ప్రింగు రేకును మఱల యథాస్థానమునకు చేర్చును. కాలువ తూముకడ లస్కరు మర త్రిప్పి తలుపు నెత్తినచో నూఱెకరములకు నీరు పాఱును గదా. పాఱునది కాలువ నీరేగాని లస్కరు బలము కాదు. రిలే పనియు నట్టిదే. అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు జోసెఫ్ హెన్రీ 1835 ప్రాంతమున ఈ విధానమును ప్రదర్శించెను. పిదప తంతివార్తలను బహుదూరము పంపుటకు ఇది ఆధారమైనది.

తీగ లేకుండ దూరముననున్న వస్తువును కదలించుటయు నేటి వింత కాదు. 1895 ప్రాంతమున కలకత్తాలో జగదీశచంద్ర బోసుగారు విద్యుత్తరంగములను గోడలగుండ పంపి, ఆవలనున్న గంటను మ్రోగించి, తుపాకిమందు నంటించి చూపిరి. నేటి పరికరమునందు ఈ రెండు విద్యలును కూడినవి: తరంగము ఆజ్ఞను తెచ్చును, రిలే దానిని నెఱవేర్చును.

ఆజ్ఞ వచ్చు మార్గములు మూడు. చేతిలోని చిన్న రిమోటు 433 మెగాహెర్ట్జుల తరంగముతో ఇంటి యావరణలో పనిచేయును. వైఫై పరికరము 2.4 గిగాహెర్ట్జుల తరంగముతో ఇంటిలోని రూటరునకు లోబడి యుండును. దూరపు బావికి ఈ రెండును అందవు. అచటికి సెల్‌ఫోను సిమ్ము గల పరికరము కావలయును.

ఇంటియందు

దీపములు, పంకాలు మొదలగు చిన్న వస్తువులకు ఈ మీట మిక్కిలి యనుకూలము. సామాన్యముగా దొరకు రిలేపై 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని వ్రాసియుండును. మన యిండ్లకు వచ్చునది 230 వోల్టులు. 3000 వాట్ల నీటికాగు 13 ఆంపియర్లను లాగును గనుక దానిని ఈ రిలేకు తగిలింపరాదు.

రిలేకు మూడు కొన లుండును: అన్నిటికి పొత్తగు కామన్ కొన, మామూలుగా విడిపోయియుండు కొన, మామూలుగా కలిసియుండు కొన. మెట్లదారిలో దీపమునకు వాడు టూవే మీటకును మూడు కొనలే కలవు. ఫేజు తీగను టూవే మీట కామన్‌కు కలిపి, దాని మిగిలిన రెండు కొనలను రిలే యొక్క విడిపోయియుండు కొనకును, కలిసియుండు కొనకును చేర్చి, రిలే కామన్‌నుండి దీపమునకు తీగ నిచ్చినచో, ఫోను పనిచేయని దినమునను గోడమీటచే దీపము వెలుగును. వృద్ధులున్న యింట ఈ యేర్పాటు తప్పక యుండవలెను. రిలే ఎల్లప్పుడు ఫేజు తీగనే విడదీయవలెను. న్యూట్రల్‌ను విడదీసినచో దీపము ఆఱినను హోల్డరులో విద్యుత్తు నిలిచియుండును. బల్బు మార్చువాని కది ప్రాణాపాయము.

బావికడ

యువకులు తఱచుగా పొరపడుచున్నది ఇచటనే. 5 అశ్వశక్తుల మూడు ఫేజుల మోటారు నిండుపనిలో సుమారు 7 ఆంపియర్లను తీసికొనును. రిలేపై 10 అని యున్నదిగదా, చాలునని తలంతురు. కాని మోటారు కదలునపుడు, స్టార్టరు డైరెక్టు రకమైనచో, కొలదికాలము దానికి సుమారు ఆఱు రెట్లు, అనగా 40 ఆంపియర్లకు పైగా లాగును. ఆ వేడికి చిన్న రిలే కొనలు కరగి యొకదాని కొకటి అంటుకొనిపోవును. అటుపిమ్మట ఫోనులో ఎన్నిసారులు ఆపుమని నొక్కినను మోటారు ఆగదు. కావున రిలే మోటారును ముట్టరాదు. స్టార్టరునకు ఆజ్ఞ నిచ్చుటయే దాని పని.

స్టార్టరులోని కాంటాక్టరు తానే యొక పెద్ద రిలే. ఆకుపచ్చ బొత్తాము నొక్కినచో దాని కాయిలుకు విద్యుత్తు అంది, కొనలు కలిసి, అట్లే నిలుచును. ఎఱ్ఱబొత్తాము ఆ కాయిలు విద్యుత్తును త్రెంచును. తీగలేని మీటకు రెండు రిలేలు గలదానిని దెచ్చి, ఒకదాని విడిపోయియుండు కొనలను ఆకుపచ్చ బొత్తామునకు సమాంతరముగను, రెండవదాని కలిసియుండు కొనలను ఎఱ్ఱబొత్తాముతో వరుసగను చేర్చవలెను. అప్పుడు స్టార్టరులోని ఓవర్‌లోడు రక్షణ చెడకుండ నుండును. చేతితో వేయుటకును వీలుండును. కాని ముందుగా కాయిలుపై వ్రాసిన వోల్టులను చూడుడు. మూడు ఫేజుల స్టార్టర్లలో అది తఱచు 415గా నుండును. 250 వోల్టుల రిలే దానికి పనికిరాదు. తగిన మధ్య రిలేను నేర్పరియైన ఎలక్ట్రీషియనుచే అమర్పించుకొనవలెను.

మఱియొక నియమము. ఆకుపచ్చ బొత్తాముకడ రిలే ఒకటి రెండు సెకనులు మాత్రమే కలిసి విడిపోవలెను. దానిని కలిపియే యుంచినచో అది ఆటోస్టార్టరగును. కరెంటు పోయి మఱల వచ్చిన క్షణముననే ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది మోటారులన్నియు ఒక్కసారిగా లేచినచో ఆ భారమునకు ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చును, నష్టపోవునది అందఱును. అవసరము లేకున్నను నీరు తోడబడి భూగర్భజలము తఱుగును. తెలంగాణమున 2018 జనవరి 1వ తేదీనుండి వ్యవసాయమునకు 24 గంటల సరఫరా ప్రారంభించునపుడు, ఆటోస్టార్టర్లను తొలగింపుడని ప్రభుత్వము రైతులను కోరినది ఇందుకొఱకే.

చూపులేని చేయి

ఈ పరికరమునకు వినికిడి గలదు, చూపు లేదు. ఆజ్ఞ విని కలుపునే కాని, బావికడ నేమి జరుగుచున్నదో చూడదు. ఫోనులో "ఆన్" అని కనబడినంతమాత్రమున నీరు పాఱుచున్నదని నమ్మరాదు. రిలే కదలినదనియే దాని యర్థము. మూడు ఫేజులలో నొకటి పోయి మోటారు మూలుగుచున్నను, బావి యెండి మోటారు ఒట్టిగ తిరుగుచున్నను, ఇంటనున్న మనకు వినబడదు. పూర్వము బావికడ నిలిచియున్న రైతు చెవియే మోటారునకు కాపలా. ఆ చెవిని తీసివేయునపుడు దానికి మాఱుగ ఫేజు తప్పినపుడును, నీరు తప్పినపుడును మోటారును ఆపు రక్షణ పరికరములను పెట్టుకొనుట విధి.

ఇంతకన్న ఘోరమైన సంగతి యొకటి కలదు. తండ్రి మోటారు వైర్లు విప్పి బాగుచేయుచుండును. పట్టణముననున్న కుమారుడు నీరు పెట్టు వేళయైనదని తలచి, మేలు చేయుచున్నాననుకొని ఫోనులో మీట నొక్కును. ఇరువురిలో నెవరి తప్పును లేదు. అయినను జరుగరానిది జరుగును. పూర్వము మీట యొక్కచోటనే యుండెడిది గనుక దానికడ నొక మనిషిని నిలిపిన చాలును. ఇప్పుడు మీట ఎన్ని ఫోనులలో నున్నదో అన్నిచోట్ల నున్నది. కావున ఫోను చేసి చెప్పితిమను ధీమా చాలదు. పనిలోనికి దిగువాడు మెయిను స్విచ్చి కట్టి, మూడు ఫ్యూజులను ఊడదీసి, తన జేబులో వేసికొని మఱి దిగవలెను. ఆ ఫ్యూజులు జేబులో నున్నంతవఱకు ఏ తరంగమును ఏమియు చేయజాలదు.

సభ్యులకు సూచనలు

1. పరికరము కొనకముందే మోటారు అశ్వశక్తిని, స్టార్టరు కాయిలు వోల్టులను వ్రాసికొని పొండు.

2. కరెంటు తిరిగివచ్చినపుడు మీట "ఆఫ్"లోనే యుండునట్లు అమర్చుకొనుడు.

3. సిమ్ము పరికరమునకు ఇంటివారి నంబర్ల నుండి మాత్రమే ఆజ్ఞ అందునట్లు చేయుడు. కొన్నప్పటి సంకేతపదమును వెంటనే మార్చుడు.

4. స్టార్టరు పెట్టెకు మంచి ఎర్తు నిండు. పెట్టెపై "ఇది దూరమునుండి నడచు మోటారు, ఫ్యూజులు తీసి ముట్టుడు" అని పెద్దయక్షరములతో వ్రాయింపుడు.

5. ఉమ్మడి బావియైనచో, మీట నొక్కు అధికారము ఏ దినమున నెవరిదో ముందుగా నిర్ణయించుకొనుడు.

దీపముతో ప్రారంభించి, దాని నడక తెలిసినపిదప మోటారు జోలికి బోవుట మంచిది. ఇంటనుండి మోటారు వేయగల సౌకర్యము రైతునకు నిద్రను మిగుల్చును. జేబులోని మూడు ఫ్యూజులు ప్రాణమును మిగుల్చును. మొదటిదానిని కోరువాడు రెండవదానిని మఱవకుండుగాక.