చీమ నడిచిన దారి

ఆస్ట్రేలియా దేశం నడిమధ్యన ఎడారి ఉంది. ఎర్రటి ఇసుక నేల. వానలు తక్కువ. అక్కడ వేల ఏళ్లుగా ఆదివాసులు బతుకుతున్నారు. పూర్వం వారికి అక్షరాలు లేవు. కానీ బొమ్మలు ఉన్నాయి. ఇసుక మీద వేలితో గీసేవారు. వేడుకల్లో ఒంటి మీద రంగులతో వేసుకునేవారు.

ఆ బొమ్మల్లో ఏముంటుంది? తొలికాలంలో తమ మూలపురుషులు ఈ నేల మీద తిరిగారని వారి నమ్మకం. కొందరు మనుషుల రూపంలో, కొందరు కంగారూ, పాము, ఈము పక్షి, చీమ రూపంలో తిరిగారట. వారు ఆగిన చోట గుట్టలు, నీటి గుంటలు పుట్టాయట. ఆ ప్రయాణమే బొమ్మ.

మరి ఈ బొమ్మను చదవడం ఎలా? ఆకాశం నుంచి పక్షి చూసినట్టు చూడాలి. ఒకదానిలో ఒకటిగా గుండ్రాలు గీసి ఉంటే అది నీటి గుంట కావచ్చు, మజిలీ కావచ్చు. గుండ్రాలను కలిపే గీత దారి. గుర్రపు నాడా లాంటి గుర్తు ఉంటే అక్కడ మనిషి కూర్చున్నట్టు. ఇసుకలో కూర్చుని లేస్తే పడే అచ్చు అది.

ఆ ఎడారిలో పాపున్యా అనే ఊరుంది. అది తేనె చీమ కథకు చెందిన చోటు. ఈ చీమ పొట్టలో తీపి రసం దాచుకుంటుంది. నేల తవ్వి, చీమను తీసి, ఆ తీపి తింటారు. 1971లో ఊరి పెద్దలు బడి గోడ మీద తేనె చీమ కథను చిత్రించారు. బడి పంతులు జెఫ్రీ బార్డన్ వారిని ప్రోత్సహించారు. తరువాత ఆ గోడకు వేరే రంగు పూసేశారు. కానీ పని ఆగలేదు. పలకల మీద, గుడ్డ మీద వేశారు. 1972లో చిత్రకారులే సొంత సంస్థ పెట్టుకున్నారు.

వారికొక కట్టుబాటు ఉంది. ఏ కథ మీద ఎవరికి హక్కు ఉందో వారే దాన్ని గీయాలి. కొన్ని సంగతులు బయటివారికి చెప్పకూడదు.

బొమ్మ అంటే అందం ఒక్కటే కాదు, భూమికి సాక్ష్యం కూడా. బ్రిటిష్ వారు వచ్చాక ఆదివాసుల భూమి చేజారింది. పాత హక్కును రుజువు చేస్తే ఒప్పుకుంటామని 1993లో చట్టం వచ్చింది. కానీ పట్టా కాగితాలేవీ? పడమటి ఆస్ట్రేలియాలో గ్రేట్ శాండీ అనే మరో ఎడారి ఉంది. అక్కడివారు 1997లో 8 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవున్న గుడ్డ మీద తమ నేలంతా చిత్రించారు. విచారణకు వచ్చిన అధికారుల ముందు దాన్ని పరిచారు. ఒక్కొక్కరూ తమ నీటి గుంట బొమ్మ మీద నిలబడి, సొంత భాషలో తమ కథ చెప్పారు. పదేళ్లు పట్టింది. 2007లో కోర్టు వారి హక్కును ఒప్పుకుంది.

చర్చించండి:
1. కాగితం లేనివారికి బొమ్మ ఎలా సాక్ష్యమైంది?
2. హక్కు ఉన్నవారే ఆ కథను గీయాలనే కట్టుబాటు ఎందుకు?