పశువు పొట్టలోని సూక్ష్మజీవులు - దాణా మార్చే విధానం



కొట్టు తలుపు తీసి వుండగా గేదె లోపలికి దూరి జొన్నలు కడుపారా తింటుంది. లేదా పెళ్ళివారింట మిగిలిన అన్నం గంపెడు తెచ్చి ఆవు ముందు పోస్తారు. మర్నాటికి ఆ పశువు మేత ముట్టదు, నెమరు వేయదు, పుల్లని వాసనతో పలుచగా పారుకుంటుంది. ఆ తర్వాత పడిపోయి లేవదు. "దిష్టి తగిలిందండీ" అనేవారూ వున్నారు. దిష్టీ కాదు, ఎవరో పెట్టిన మందూ కాదు. ఒక్కసారిగా తిన్న గింజే దానికి కారణం. బలమిచ్చే గింజ ప్రాణం ఎలా తీస్తుంది? ఇది తెలియాలంటే పశువు పొట్టలో ఏమి జరుగుతుందో చూడవలెను.

నెమరు వేసే పశువుకు కడుపులో నాలుగు గదులు వుంటవని మీకు తెలిసినదే. అందులో మొదటిదైన పెద్దపొట్టలో, ఎదిగిన పశువుకు 100 లీటర్లు, అంతకు మించి కూడా పడుతుంది. గడ్డినీ చొప్పనూ అరిగించేది పశువు కాదు. ఆ పొట్టలో కాపురముంటున్న సూక్ష్మజీవులు. ఒక్క మిల్లీలీటరు రసంలో సుమారు వెయ్యి కోట్లు వుంటవి. గాలి సోకితే చచ్చే ఈ జీవులను పెంచి చూచే ఉపాయం కనిపెట్టినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హంగేట్. 1966లో ఆయన వీటిపై పెద్ద గ్రంథమే వెలువరించాడు. ఈ జీవులు మేతను పులియబెట్టగా పుట్టే ఆమ్లాలనుండే పశువుకు కావలసిన శక్తిలో నూటికి 70 పాళ్ళ వరకు వస్తుంది. కాబట్టి మనం మేపేది ముందు సూక్ష్మజీవులను, అవి మేపేది పశువును.

అయితే అన్ని జీవులూ ఒకే తిండి తినవు. గడ్డి తినేవి కొన్ని, గింజలోని పిండిపదార్థం తినేవి మరికొన్ని. గడ్డికి అలవాటుపడిన పొట్టలోకి ఒక్కసారిగా గింజ వచ్చిపడితే, స్ట్రెప్టోకాకస్ బోవిస్ వంటివి విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లాన్ని, అంటే పెరుగుకు పులుపునిచ్చే ఆమ్లాన్నే, పుట్టిస్తవి. దానిని తిని హరించే జీవులూ పొట్టలో లేకపోలేదు. కాని వాటి సంఖ్య తక్కువ, పెరుగుదల నెమ్మది. పులుపును కొలిచే పి.హెచ్. సంఖ్య మామూలుగా 6కూ 7కూ నడుమ వుండేది 5కు దిగువకు జారుతుంది. అప్పుడు మంచి జీవులు చాలావరకు నశిస్తవి, పొట్టగోడ పుండుపడుతుంది, ఆమ్లం రక్తంలో చేరుతుంది. బ్రతికి బయటపడ్డ పశువులకు కూడా గిట్టల జబ్బు, కాలేయంలో చీముగడ్డలు రావచ్చును.

ఇప్పుడొక సందేహం కలుగవచ్చును. అమెరికాలో టెక్సాస్, కాన్సాస్, నెబ్రాస్కా రాష్ట్రాల మేపుదొడ్లలో వేలాది మాంసపు పశువులను నెలల తరబడి మొక్కజొన్న మీదనే పెంచుతారు గదా, అవి ఎందుకు చావవు? అక్కడ కిటుకు మార్చే పద్ధతిలో వున్నది. దొడ్డికి వచ్చిన కొత్తలో దాణాలో సగానికి దగ్గరగా పీచుమేత వుంటుంది. అయిదారు రోజులకొక మెట్టు చొప్పున గింజను పెంచుతూ, మూడు నాలుగు వారాలకు పీచుమేతను నూటికి 10 పాళ్ళకు అటూ ఇటూగా తెస్తారు. ఈ వ్యవధిలో పులుపును హరించే జీవులు పెరిగి సిద్ధంగా వుంటవి. చివరివరకూ కాస్త పీచు వుంచటంలో అర్థమున్నది. పీచు వుంటేనే నెమరు, నెమరు వుంటేనే లాలాజలం. ఆ లాలాజలంలో వంటసోడా వంటి క్షారం వుండి పులుపును విరుస్తుంది.

ఈ మేలుచేసే జీవులను మనమే బయటినుండి పోయలేమా అని శాస్త్రజ్ఞులు ఆలోచించారు. పాలకు తోడు వేసినట్లన్న మాట. ఇంగ్లండుకు చెందిన ఎల్స్‌డెన్ 1950లలో గొఱ్ఱె పొట్టనుండి వేరుచేసిన ఒక జీవికి ఆయన పేరిటనే మెగాస్ఫేరా ఎల్స్‌డెనీ అని పేరు. ఇది లాక్టిక్ ఆమ్లాన్ని తిని బ్రతుకుతుంది. దీనిని పశువులకు తాగించి దక్షిణాఫ్రికాలోనూ అమెరికాలోనూ పరీక్షలు చేసినారు. ఈస్టును, పెరుగుజాతి జీవులను దాణాలో కలపటం కూడా వున్నది. ఐరోపాలో 2006 నుండి పెరుగుదల కోసం యాంటీబయాటిక్ మందులు మేపటం నిషేధించాక వీటిపై ఆసక్తి ఎక్కువైనది. ఫలితం మాట చెప్పాలంటే, కొన్ని పరీక్షలలో బరువు నూటికి రెండు మొదలు అయిదు పాళ్ళు హెచ్చుగా పెరిగింది. మరికొన్నింటిలో తేడాయే కనబడలేదు.

తోడు గొప్పగా పనిచేసిన సందర్భమూ ఒకటున్నది. ప్రకాశం, కృష్ణా ప్రాంతాల్లో కాగితపు మిల్లులకై వేసిన సుబాబుల్ మీరెరిగినదే. దాని ఆకులో మాంసకృత్తులు మెండు. కాని అందులోని మిమోసిన్ అనే పదార్థం వల్ల, ఎక్కువగా మేపితే వెంట్రుకలు రాలటం, గొంతు దగ్గర గ్రంథి వాయటం, పశువు చిక్కిపోవటం జరుగుతుంది. ఆస్ట్రేలియాలో పశువులు ఇలా బాధపడుతుండగా, హవాయి దీవులలోని మేకలు అదే ఆకును హాయిగా తినటం రేమండ్ జోన్స్ అనే శాస్త్రజ్ఞుడు గమనించాడు. ఆ మేకల పొట్టలోని జీవులను 1980లలో ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించగా విషం విరిగింది. అందులోని ముఖ్యమైన జీవికి 1992లో సినర్జిస్టిస్ జోన్సీ అని ఆయన పేరే పెట్టినారు. ఆ పొట్టలలో ఆ పని చేసే జీవి లేదు, దానికి కావలసిన తిండి రోజూ వస్తున్నది. అందుకనే తోడు నిలిచింది.

కాగే పాలలో తోడు వేస్తే పెరుగు అవుతుందా అమ్మా? కాదు గదా! అలాగే మేత సరిచేయకుండా పొట్లాల కొద్దీ పొడి వేసినా డబ్బు దండుగే.

కనుక మీరు చేయవలసిన పనులు ఇవి. గేదెకైనా, కట్టేసి మేపే పొట్టేలుకైనా దాణా పెంచదలిస్తే రెండు మూడు వారాలు తీసుకుని కొంచెం కొంచెంగా పెంచండి. ముందు చొప్పో గడ్డో వేసి, తర్వాత దాణా పెట్టండి. రోజు దాణాను ఒక్క పూటే గుమ్మరించక, రెండు మూడు పూటలుగా పంచండి. గింజను మెత్తని పిండిగా కాక బరకగా ఆడించండి. మిగిలిన అన్నం గంపలతో పోయకండి. పశువు గింజల రాశిలో పడి తిన్నదని తెలిస్తే, అది బాగానే వున్నట్లు కనబడినా సరే, జబ్బు లక్షణాలకోసం కాచుకోకుండా వెంటనే పశువైద్యునికి కబురు పెట్టండి. పులుపును విరిచే మందులున్నవి. ఆరోగ్యమైన పశువు పొట్టలోని రసం తీసి జబ్బు పశువుకు పట్టించే చికిత్సా వున్నది. కాని గంటలు గడిచేకొద్దీ ఫలితం తగ్గిపోతుంది.

పొట్టలోని ఆ కోట్ల పాలేళ్ళు కూలి అడగరు, సెలవు అడగరు. తిండి మార్చేటప్పుడు కాస్త వ్యవధి మాత్రం అడుగుతారు. అది ఇవ్వటం మన చేతిలో పని.