పాత జీపుకు సరియైన విడిభాగములు

వెలిగొండల నీడనున్న మెట్ట గ్రామములలో, గులకరాళ్లు తేలిన బండ్లబాటల మీద, వానకాలపు వాగుల వెంట నమ్మకముగా తిరుగు వాహనము జీపు. బత్తాయి తోటకు ఎరువు మూటలు తోలుటకును, పొగాకు పనుల మీద కలిగిరి, డి.సి. పల్లి వేలం కేంద్రములకు పోయి వచ్చుటకును, అర్ధరాత్రి వేళ రోగిని ఉదయగిరికో ఆత్మకూరుకో చేర్చుటకును పనికివచ్చునని దుత్తలూరు చుట్టుపట్ల రైతు పాత జీపును ఉంచుకొనునే గాని అలంకారమునకు కాదు. అట్టి బండి ఆగిపోయినప్పుడు మరమ్మతు కూలికంటె పెద్ద నష్టము, సరియైన భాగము దొరకక షెడ్డులో గడచిపోవు వారములు. తొందరపడి సరికాని భాగము బిగించినచో నష్టము అంతటితో ఆగదు. దాని పక్కనున్న మంచి భాగములు కూడ చెడును. బ్రేకు, స్టీరింగు విషయములలోనైతే అది ప్రాణముల మాట.

నెల్లూరులో దుకాణమునకు పోయి “జీపుకు గేరు కావాలన్నా” అని అడిగినచో అమ్మువాడు “ఏ జీపు పెద్దాయనా?” అని ఎదురడుగును. ఆ ప్రశ్న న్యాయమైనదే. రిజిస్ట్రేషను పుస్తకములోని పేరు చూచి జవాబు చెప్పుట చాలదు. నలుబది, ఏబది ఏండ్లు తిరిగిన బండిలో ఇంజను ఒక కాలపుది, గేరుపెట్టె మరియొక కాలపుది, వెనుక యాక్సిల్ ఏదో వేలంలో కొన్నది అయి ఉండవచ్చును. కాబట్టి విడిభాగమును బండి పేరుతో కొనరాదు. అది కూర్చొను యంత్రము ఏ రకమో ముందు గుర్తించి, ఆ పిమ్మట నంబరుతోను కొలతతోను కొనవలెను.

పేరు ఒకటి, బండ్లు అనేకము

జీపు రెండవ ప్రపంచ యుద్ధ కాలమున పుట్టినది. అమెరికాలో ఒహాయో రాష్ట్రమందలి టొలీడో నగరపు విల్లీస్ ఓవర్లాండ్ కంపెనీ 1941లో ఎం.బి. అను సైనిక జీపును తయారుచేయసాగినది. అదే నమూనాను ఫోర్డు కంపెనీ కూడ చేసినది. సైన్యపు లెక్కలో అది పావు టన్ను బండి. ఈ మాటను మనవారు మరచి, తిరునాళ్ల రోజున పదునైదుగురిని ఎక్కించుచుందురు. యుద్ధము ముగిసిన ఏట, 1945లో, రైతుల కొరకును సామాన్య జనుల కొరకును సి.జె.-2ఎ వచ్చినది. 1949లో సి.జె.-3ఎ, 1953లో సి.జె.-3బి వచ్చినవి. మన దేశములో మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల పనికి పూనుకొని, భాగములు తెప్పించి బొంబాయిలో కూర్చి, క్రమముగా సి.జె.-3బి నమూనాను ఇక్కడనే తయారుచేసినది. అమెరికాలో ఆ నమూనా 1968లో ఆగిపోయినను ఇక్కడ ఇంకను చాల కాలము నడచినది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ప్రారంభమైన పిదప బ్లాకు కార్యాలయముల ముందు నిలిచి, పల్లెల్లో “బ్లాకు జీపు” అని పేరుపడినవి చాలవరకు ఈ జాతివే.

తరువాత డీజిల్ కాలము వచ్చినది. ఇంటర్నేషనల్ ట్రాక్టరు ఇంజనునుండి పుట్టిన డీజిల్ ఇంజను కొన్ని జీపులలోను, 1980ల దశకములో పూజో డీజిల్ ఇంజను మరికొన్నింటిలోను వచ్చినవి. పెట్రోలు ఇంజను తీసివేసి డీజిల్ ఇంజను పెట్టించుకొన్న బండ్లు వేరే ఉన్నవి. వీటన్నిటికిని జనము పెట్టిన పేరు జీపు ఒక్కటే.

ఇంజను గుర్తు

పెట్రోలు ఇంజన్లలో ఒక చిక్కు ఉన్నది. యుద్ధకాలపు ఇంజనుకును సి.జె.-3బి ఇంజనుకును సిలిండరు వ్యాసము 3 1/8 అంగుళములు, పిస్టను నడక 4 3/8 అంగుళములు. రెండును సుమారు 2,200 సి.సి. కలవే. కాబట్టి పుస్తకములోని సి.సి. అంకె చూచి ఇంజను రకము తెలియదు. బానెట్టు ఎత్తి చూడవలెను. పాతదానికి వాల్వులన్నియు బ్లాకులోనే ఉండును. పైనున్న హెడ్డు చదునైన పలకవలె ఉండును. సి.జె.-3బి ఇంజనుకు లోనికి గాలి పీల్చు వాల్వులు హెడ్డులోను, పొగ వదలు వాల్వులు బ్లాకులోను ఉండును. దానికి పైన రేకు మూత, మూత క్రింద రాకర్లు ఉండును. ఈ ఎత్తు కొరకే సి.జె.-3బి బానెట్టును పొడవుగా లేపినారు. ఒకదాని హెడ్డు గాస్కెట్టు రెండవదానికి పనికిరాదు. కార్బురేటరు కూడ వేరు. పాతదానికి కార్టరు డబ్ల్యు.ఓ., కొత్తదానికి కార్టరు వై.ఎఫ్. కంపెనీ రకములు. మన బండ్లలో సోలెక్స్ పెట్టినవి కూడ కనబడును. అందుచేత కార్బురేటరు కిట్టు కొనుటకు ముందు దాని ఒంటి మీద పోతపోసిన అక్షరములను చదువవలెను.

ఆయిల్ పంపు విషయమున మరింత జాగ్రత్త కావలెను. యుద్ధకాలపు ఇంజన్లలోను, తొలి సి.జె.-2ఎ ఇంజన్లలోను కామ్ షాఫ్టును గొలుసు త్రిప్పును. తరువాతివానిలో పళ్లచక్రములు త్రిప్పును. గొలుసుతో అయితే కామ్ షాఫ్టు క్రాంకు తిరుగు వైపే తిరుగును, పళ్లచక్రములతో అయితే ఎదురు తిరుగును. కావున ఒకదాని ఆయిల్ పంపు రెండవదానికి పనికిరాదు. రెండింటిని పక్కపక్కన పెట్టిన చూపునకు తేడా తెలియదు. ఇంజను ముందు మూత విప్పి చూచిన తరువాతనే పంపు కొనవలెను.

క్రాంకు బేరింగు చిప్పలను కూడ క్రాంకు కొలిపించక కొనరాదు. ఇంతకు ముందు క్రాంకును సాన పట్టించి ఉన్నచో మామూలు కొలత చిప్పలు వదులగును. పది, ఇరువది, ముప్పది “తౌ” అను తరుగు కొలతలలో ఏది కావలెనో లేతు షాపులో మైక్రోమీటరుతో కొలిచి చెప్పుదురు.

ట్రాన్స్‌ఫర్ పెట్టెలోని మూడు కొలతలు

నాలుగు చక్రములకు బలము పంచు ట్రాన్స్‌ఫర్ పెట్టె పాత జీపులలో స్పైసరు 18 అను రకము. పైకి చూచినచో యుద్ధకాలపుదియు, తరువాతిదియు అన్నదమ్ములవలె ఉండును. లోపల మధ్య షాఫ్టు మాత్రము కాలము గడచినకొలది లావెక్కినది. మొదటిది ముప్పావు అంగుళము, తరువాతిది ఒకటింబావుకు అర పావు తక్కువ, అనగా 1 1/8 అంగుళము, చివరిది 1 1/4 అంగుళము. షాఫ్టు మారినప్పుడు దాని మీది గేరు, గేరులోని సూది బేరింగులు, పక్కలనుండు వాషర్లు అన్నియు మారును.

ఒక రైతు బండిలో ఈ గేరు పళ్లు విరిగినవనుకొందము. అతడు “విల్లీస్ జీపు, ట్రాన్స్‌ఫర్ గేరు” అని చీటీ వ్రాసి పంపినచో అతనికి సరియైన గేరు దొరకుట అదృష్టము మీద ఆధారపడును. పెట్టె వెనుకవైపు, ఒక చిన్న బిళ్లతో బిగించిన చోట, ఈ షాఫ్టు చివర బయటికే కనబడును. బురద తుడిచి వెర్నియర్ కాలిపరుతో దానిని కొలిచినచో సుమారు 19, 28 1/2, లేక 31 3/4 మిల్లీమీటర్లలో ఒకటి వచ్చును. ఆ అంకెను చీటీలో వ్రాసినచో దుకాణదారుకు సందేహము ఉండదు. కొలుచుటకు రెండు నిమిషములు చాలును. నెల్లూరుకు రెండవసారి పోవుటకు ఒక దినము పట్టును.

ముందు, వెనుక యాక్సిల్ పళ్లు సరిపోవలెను

పాత యాక్సిల్ కొనువారు తరచు మోసపోవునది ఇక్కడనే. యుద్ధకాలపు జీపు యాక్సిలులో క్రౌను చక్రమునకు 39, పీనియనుకు 8 పళ్లు. అనగా నిష్పత్తి 4.88. సి.జె.-2ఎ మొదలు సి.జె.-3బి వరకు సాధారణముగా కనబడునది 43కు 8, అనగా 5.38. జీపులో నాలుగు చక్రముల పట్టు వేసినప్పుడు ముందు షాఫ్టు, వెనుక షాఫ్టు ఒకదానితో ఒకటి ముడిపడి తిరుగును. ముందు ఒక నిష్పత్తి, వెనుక మరియొకటి ఉన్నచో ఒక జత చక్రములు వేగముగాను, ఒక జత నెమ్మదిగాను తిరుగ చూచును. దుక్కి నేలలో టైర్లు జారుట వలన ఇది బయటపడదు. గట్టి రోడ్డెక్కగానే లివరు బిగుసుకొనును, టైర్లు అరగును, కడకు గేరు పళ్లు రాలును. మేస్త్రీ ట్రాన్స్‌ఫర్ పెట్టెను తప్పుపట్టి దానిని విప్పును. తప్పు యాక్సిలులో ఉండును.

దీనిని కనిపెట్టుటకు యాక్సిల్ విప్పనక్కరలేదు. బండిని చదును నేలమీద నిలిపి, గేరును, ట్రాన్స్‌ఫర్ లివరును న్యూట్రలులో పెట్టవలెను. చేతి బ్రేకు ప్రొపెల్లరు షాఫ్టును పట్టు రకమైనచో దానిని వదలవలెను. అందుచేత నేలమీదనుండు చక్రములకు ముందు వెనుకల పెద్ద రాళ్లు అడ్డముపెట్టుట మరువరాదు. జాకీతో ఒక వెనుక చక్రమును మాత్రమే లేపి, దిగువన మొద్దు పెట్టవలెను. టైరు మీదను, షాఫ్టు మీదను సుద్దతో గీత గీయవలెను. లేచిన చక్రమును సరిగా రెండు చుట్లు త్రిప్పుచు, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగెనో మరియొకరు లెక్కింపవలెను. అయిదుకు కొంచెము తక్కువైన 4.88, అయిదున్నరకు కొంచెము తక్కువైన 5.38. ఇట్లే ముందు యాక్సిలును కూడ చూడవలెను. ముందు చక్రములకు విడదీయు హబ్బులు ఉన్నచో వాటిని కలిపి చూడవలెను. టైర్లు నాలుగును ఒకే కొలతవి, దాదాపు ఒకే అరుగుదలవి కానిచో ఇదే బాధ చిన్న ఎత్తున కలుగును.

క్రౌను, పీనియను ఎప్పుడును జతగానే కొనవలెను. కర్మాగారములో రెండింటిని కలిపి త్రిప్పి, జత నంబరు చెక్కి పంపుదురు. రెండింటిమీద ఒకే అంకె లేనిచో, ఎంత చవుకగా ఇచ్చినను ఆ జతను వదలివేయవలెను.

బేరింగులు, సీళ్లు

ఇది సులువైన పని. బేరింగు నంబరు ప్రపంచమంతట ఒకటే. పాత విల్లీస్ జీపు ముందు చక్రముల బేరింగుకు లోపలి భాగము, అనగా రోలర్లు ఉన్న కోను, 18590. బయటి గిన్నె 18520. ముందు చక్రము ఒక్కింటికి రెండు జతలు పట్టును. స్టీరింగు కింగుపిన్నుకు కోను 11590, గిన్నె 11520. ఈ అంకెలు చెప్పినచో జీపు సామాను అమ్మని మామూలు బేరింగుల దుకాణములో కూడ వెదకవచ్చును. అయినను మన బండిలోనుండి ఊడిన బేరింగు అంచును తుడిచి, దాని మీది నంబరు ఇదేనా అని సరిచూచుకొన్న తరువాతనే కొనవలెను. కొత్త కోనును పాత గిన్నెలో తిప్పరాదు.

ఆయిల్ సీలుకు లోవ్యాసము, బయటి వ్యాసము, మందము అను మూడు కొలతలు చాలును. మన ప్రాంతపు దుమ్మును, వాగు నీటిని హబ్బులోనికి పోనీయక ఆపునది ఈ చౌక వస్తువే. బేరింగు మార్చునప్పుడు సీలును కూడ మార్చక మిగుల్చుకొను డబ్బు నిలువదు.

బ్రేకులు

ఇతర భాగములలో కొంత సర్దుకొన్నను బ్రేకులలో సర్దుబాటు కూడదు. ముందు చక్రముల బ్రేకు సిలిండరుకును, వెనుక చక్రముల సిలిండరుకును లోవ్యాసము సాధారణముగా వేరు. రబ్బరు వాషరు ఒక పిసరు చిన్నదైనచో మొదటి దినము పనిచేసినట్లే ఉండి, సీతారాంపురం వైపు కొండదారి దిగునప్పుడు నూనె కారి, పెడలు నేలకు దిగిపోవచ్చును. వాషరు మీద కొలత అచ్చువేసి ఉండును; సిలిండరు కొలతతో దానిని సరిచూడవలెను. రబ్బరు భాగములను పెట్రోలుతోగాని, కిరసనాయిలుతోగాని కడుగరాదు, ఇంజను ఆయిల్ తగులనీయరాదు. అవి ఉబ్బి చెడిపోవును. బ్రేకు ఆయిలుతోనే తుడువవలెను. బ్రేకు పట్టాలను ఒక చక్రమునకు మాత్రమే మార్చినచో బండి ఒక ప్రక్కకు లాగును. ఎదుటి చక్రమునకు కూడ మార్చవలెను.

మరలు, చక్రపు నట్లు

విల్లీస్ జాతి బండ్లు అంగుళముల మరలవి. పూజో ఇంజను మిల్లీమీటర్ల మరలది. ఆ ఇంజను పెట్టిన బండిలో రెండు రకములును ఉండును. నట్టు రెండు చుట్లు చేతితో ఎక్కి బిగుసుకొన్నచో అది వేరు మర అని గ్రహించి ఆపవలెను. పానా వేసి బలవంతముగా ఎక్కించినచో బోల్టుతోపాటు పోతభాగము కూడ చెడును. పాత జీపులలో ఎడమవైపు చక్రముల నట్లకు ఎదురు మర ఉండును. స్టడ్డు మీద ఎల్ అను ఆంగ్లాక్షరము దానికి గుర్తు. ఇది తెలియక గొట్టము తొడిగి విప్పబోయి స్టడ్డులు విరుగగొట్టినవారు కలరు.

పాత సామాను కొనునప్పుడు

కొత్తది దొరకని భాగములకు విజయవాడ ఆటోనగరు, మదరాసు పుదుపేట పాత సామాను అంగళ్లు ప్రసిద్ధములు. అక్కడ “అదే ఇది, ఎక్కుతుంది తీసుకో” అను మాట తరచు వినబడును. ఉదయగిరి చెంచాల పనివాడు నర్ది కొయ్య అడిగి, బిక్కి కొయ్య ఇచ్చినచో తీసికొనడు. జీపు రైతు అంతకంటె మెతకగా ఉండరాదు. షాఫ్టు గాళ్లు అరిగినవేమో గోటితో తడిమి చూడవలెను. బీట అనుమానమున్నచో భాగమును కిరసనాయిలులో తడిపి, పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లి కొంతసేపు ఆగినచో బీటలోని కిరసనాయిలు పైకి ఊరి సుద్ద మీద గీత కనబడును. స్టీరింగు రాడ్లు, బ్రేకు రబ్బరులు, బ్రేకు గొట్టములు మాత్రము పాతవి కొననే రాదు. కొత్త పెట్టెలలో నకిలీ సరకు కూడ ఉండును. పెట్టె మీది నంబరు, భాగము మీది నంబరు కలియవలెను. బిల్లు మీద ఆ నంబరు వ్రాయించుకొన్నచో మార్పిడికి ఆధారముండును.

ఇంజనునే మార్చదలచినవారు ముందుగా రవాణా కార్యాలయమునకు పోవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము అట్టి మార్పును రిజిస్ట్రేషనులో నమోదు చేయింపవలెను. నమోదు కాని ఇంజనుతో తిరిగిన బండికి ప్రమాదము జరిగినప్పుడు బీమా సొమ్ము విషయమున తగవు వచ్చును. కొనదలచిన పాత ఇంజనుకు చెల్లు బిల్లు లేనిచో దానిని ముట్టకపోవుటయే మేలు.

పట్నము బయలుదేరుటకు ముందు ఊడిన భాగమును కడిగి, గోనెపట్టలో చుట్టి వెంట తీసికొనవలెను. తీసికొనిపోలేనంత పెద్దదైనచో దాని మీది నంబరులను, ఇంజను ముందు కుడివైపు నీటిపంపు దగ్గర బ్లాకు మీద చెక్కిన నంబరును ఫోనులో ఫోటో తీసికొనిన చాలును. పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటో మరింత మేలు. కొత్త భాగము కొన్న వెంటనే దుకాణము అరుగు మీదనే పాతదాని పక్కన పెట్టి, పళ్లు లెక్కించి, రంధ్రములు సరిచూచుకొనవలెను. బిగించిన తరువాత కూడ పాత భాగమును వెంటనే తుక్కుకు వేయరాదు. బండి ఒక నెల తిరిగి, హబ్బులు వేడెక్కక, ఆయిల్ కారక, చప్పుడు చేయక ఉన్నదని చూచిన తరువాత అమ్ముకొనవచ్చును.