వార్తల్లో పదం: ఎపిడ్యూరల్ బ్లాక్

కడుపు కోసేటప్పుడు మత్తులో ఉన్న మనిషికి నొప్పి తెలియదు గానీ, ఆ కోత కబురు నాడుల వెంట మెదడుకు చేరుతూనే ఉంటుంది. దాంతో కార్టిసాల్, అడ్రినలిన్ హార్మోన్లు ఎగబాకుతాయి. ఇన్సులిన్ సరిగా పనిచేయదు. షుగర్ జబ్బు లేనివారికీ రక్తంలో గ్లూకోజ్ పెరుగుతుంది, కండ కరుగుతుంది. వెన్నులో సన్నని గొట్టం పెట్టి బుపివకైన్ వంటి మందు ఎక్కించే ఎపిడ్యూరల్ ఆ కబురునే ఆపుతుంది. గర్భసంచి తొలగింపు వంటి పొత్తికడుపు ఆపరేషన్లలో ఈ హార్మోన్ల, గ్లూకోజ్ పెరుగుదలను చాలావరకు అణచవచ్చని 1970లలోనే డెన్మార్క్ వైద్యులు చూపారు.

పైకడుపు ఆపరేషన్లలో అంత ఫలితం ఉండదన్న అభ్యంతరం నిజమే. వేగస్ నాడి వెన్నుపాము దారిన పోదు, అందుకే అది మోసే కబురును ఎపిడ్యూరల్ ఆపలేదు. ఎపిడ్యూరల్‌ను పరీక్షించి 2002లో వెలువడిన మాస్టర్ ట్రయల్‌లో మరణాలూ తగ్గలేదు, ఊపిరి ఇబ్బందులు మాత్రం తగ్గాయి. బీపీ పడిపోయే ముప్పూ ఉంది. అయినా దీన్ని ఉత్త నొప్పి మందుగా చూడటం పొరపాటు. నొప్పిని మార్ఫిన్ కూడా తగ్గిస్తుంది. కానీ మామూలు మోతాదులో అది ఈ హార్మోన్ల పొంగును అంతగా ఆపలేదు.