విరామం తర్వాత రింగులోకి: విజేత మళ్లీ మెట్టు మెట్టుగా దిగవలసిన లోతు

కోలారు బంగారు గనుల్లో మిక్కిలి లోతైనదిగా పేరుపొందిన ఛాంపియన్ రీఫ్ గని భూమిలోకి 3 కిలోమీటర్లకు పైగా దిగింది; రీఫ్ అంటే రాతి మధ్య సాగే, బంగారం దాగిన పొర. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడి, ఊటనీటిని తోడే పని ఆగిపోయాక ఆ సొరంగాల్లో నీరు నిండింది. అటువంటి గనిలో మళ్లీ పని మొదలుపెట్టాలంటే నీరు తోడి, రాతి గోడలను పరీక్షించి, ఒక్కో మట్టమే దిగాలి తప్ప, ఒక్కసారిగా అడుగుకు చేరడం సాధ్యం కాదని గని పని తెలిసిన కోలారు జిల్లా కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. దీర్ఘవిరామం తర్వాత రింగులోకి దిగే బాక్సింగ్ విజేతకు ఎదురయ్యే పని కూడా ఇటువంటిదే.

శిక్షణ ఆగిన రెండు మూడు వారాల్లోనే రక్తంలోని ద్రవభాగం తగ్గడంతో, గుండె ఒక్కో స్పందనలో పంపగల రక్తం కూడా తగ్గి ఆయాసం త్వరగా వస్తుంది. కండబలం అంతకంటే నెమ్మదిగా తరుగుతుంది. ఏళ్ల సాధనతో ఒంటబట్టిన పంచ్ తీరు అన్నిటికన్నా ఎక్కువకాలం నిలుస్తుంది. ఈ హెచ్చుతగ్గుల్లోనే ప్రమాదం ఉంది. చెయ్యి పాత అలవాటుతో జాబ్, అంటే ముందు చేత్తో సూటిగా విసిరే పంచ్, వేయగలిగినా, ప్రత్యర్థి ఎంత దూరంలో ఉన్నదీ, ఏ క్షణంలో తల తప్పించవలసిందీ తేల్చే అంచనా మొద్దుబారి ఉంటుంది. ఆ అంచనాకు మళ్లీ పదును పెట్టేది స్పారింగ్, అంటే తోటి బాక్సర్‌తో అదుపులో సాగే సాధన పోరు.

మెట్టు మెట్టుగా తిరిగివచ్చే ఈ మార్గాన్ని తెలుగు నేలపై స్పష్టంగా చూపిన క్రీడాకారిణి నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్. 2011లో టర్కీలోని అంతల్యాలో జూనియర్ ప్రపంచ విజేతగా నిలిచిన ఆమె, 2017లో విశ్వవిద్యాలయాల మధ్య జరిగిన పోటీల్లో భుజం కీలు తప్పి, శస్త్రచికిత్స చేయించుకొని చాలాకాలం రింగుకు దూరమైంది. భుజం శరీరంలో అన్నివైపులా తిరిగే కీలు కనుక, దానికి ఆ స్వేచ్ఛ ఎంత మేలో అంత బలహీనత కూడా. ఒకసారి జారిన కీలు మళ్లీ జారుతుందనే భయం ఎముక కుదిరాక కూడా బాక్సర్ మనసును వదలదు. 2018లో బెల్‌గ్రేడ్‌లో స్వర్ణం గెలిచి ఆమె తిరిగివచ్చినా, దారి నేరుగా సాగలేదు. ఒలింపిక్ అర్హత పోటీలకు పంపేవారిని ట్రయల్స్ ద్వారానే ఎంపిక చేయాలని 2019లో బహిరంగంగా కోరి, డిసెంబరులో జరిగిన ఆ ట్రయల్స్‌లో సీనియర్ బాక్సర్ మేరీ కోమ్ చేతిలో 9-1 తేడాతో ఓడిపోయింది. అయినా సాధన మానక, 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయిలాండ్‌కు చెందిన జుతామాస్ జిత్‌పాంగ్‌ను 5-0తో ఓడించి ప్రపంచ విజేత అయింది. 2023లో న్యూఢిల్లీలో ఆ బిరుదును మళ్లీ గెలిచింది.

ఆమెను ఓడించిన మేరీ కోమ్ కూడా ఇటువంటి బాట నడిచినదే: 2007లో కవలలకు జన్మనిచ్చి, 2008లో మళ్లీ ప్రపంచ విజేత అయింది. అమెరికాకు చెందిన జార్జ్ ఫోర్‌మన్ 1977లో రింగును వదలి, 1987లో తిరిగివచ్చి, 1994లో 45 ఏళ్ల వయసులో హెవీవెయిట్ ప్రపంచ బిరుదు గెలిచాడు. అంటే పునరాగమనం మొదలయ్యాక కూడా శిఖరం చేరడానికి అతనికి ఏడేళ్లు పట్టింది.

అందువల్ల తిరిగివచ్చిన క్రీడాకారులను మొదటి పోటీతోనే పాత పతకాల పక్కన నిలబెట్టి కొలవడం అన్యాయం. వారికి కావలసినది చప్పట్ల కన్నా ముందు వైద్యం, ఓపికగల శిక్షకుడు, న్యాయమైన ఎంపిక, తగినంత కాలం. ఇంత సాధన తర్వాత కూడా గెలుపు సునాయాసంగా రాదనడానికి నిఖత్ ఇస్తాంబుల్ తుదిపోరు తీర్పు పత్రాలే సాక్ష్యం. మూడు రౌండ్ల పోటీలో ఒక్కో రౌండ్ గెలిచినవారికి 10, ఓడినవారికి సాధారణంగా 9 పాయింట్లు ఇస్తారు. ఐదుగురు న్యాయనిర్ణేతల్లో ఇద్దరు 30-27గా నిఖత్‌కు మూడు రౌండ్లూ ఇవ్వగా, మిగిలిన ముగ్గురూ 29-28గా తేల్చారు. అంటే ఏకగ్రీవంగా కనిపించే ఆ 5-0 విజయంలో కూడా ముగ్గురి దృష్టిలో ఆమె ఒక రౌండ్ కోల్పోయింది, మిగతా రెండింటినీ పోరాడి నిలబెట్టుకుంది.