బెల్టు మీద చెయ్యి వేసే ముందు

టైమింగ్ బెల్టు చాలాసార్లు చెప్పాపెట్టకుండా తెగుతుంది. ఇంజిన్లో క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగితే కామ్ షాఫ్టు ఒక్క చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది పళ్లున్న ఈ రబ్బరు పట్టీయే. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. డీజిల్ ఇంజిన్లో పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య ఉండే జాగా మరీ తక్కువ. బెల్టు తెగిందా, వాల్వులు వంగినట్టే, హెడ్ దించాల్సిందే.

అన్ని కార్లకూ బెల్టు ఉండదు. మారుతి 800, పాత శాంత్రో, డస్టర్ డీజిల్ బెల్టు బళ్లు. స్విఫ్ట్ డీజిల్‌కు ఉండేది చైను. జర్మనీలో 1962లో గ్లాస్ 1004 కారుతో ఈ రబ్బరు బెల్టు బజారులోకి వచ్చింది. దాన్ని ఎప్పుడు మార్చాలో మాన్యువల్లో కిలోమీటర్లలోనూ ఏళ్లలోనూ రాసి ఉంటుంది. ఏది ముందు వస్తే అదే గడువు. షెడ్డులో ఊరికే నిలబెట్టిన కారుకైనా రబ్బరు ముదురుతుంది.

విశాఖ దగ్గరి పద్మనాభంలాంటి చోట ఈ పనిని ఇంటి ముందే చేసుకోవాలనుకునేవారు ముందు సామాన్ల సంగతి చూసుకోవాలి. స్పేర్ పార్టుల దుకాణాలు బారులు తీరిన గాజువాక ఆటోనగర్ విశాఖకు అవతలి కొసన ఉంది. ఇంజిన్ సగం విప్పాక ఒక సీలు కోసం అంత దూరం పరుగెత్తడం నరకం. కాబట్టి బెల్టుతోపాటు టెన్షనర్, ఐడ్లర్, ఆయిల్ సీళ్లు ముందే తెచ్చుకోవడం మేలు. డస్టర్ డీజిల్లో వాటర్ పంపును తిప్పేది కూడా ఈ బెల్టే కాబట్టి పంపునూ అప్పుడే మార్చేయాలి. కొత్త బెల్టును మడవకూడదు, మెలిపెట్టకూడదు, నూనె చేత్తో ముట్టుకోకూడదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి ఎవరూ దూరకూడదు, స్టాండ్లు పెట్టి తీరాలి. ఇంజిన్ మౌంటు విప్పే బండైతే ఆయిల్ చాంబర్ కింద చెక్క పలక వేసి, దాని కింద ఇంకో జాకీతో ఇంజిన్‌ను మోయించాలి. కూలెంటు దించితే, దాన్ని పట్టిన పళ్లేన్ని వెంటనే మూసిపెట్టాలి. అది తియ్యగా ఉంటుంది, విషం. పల్లెటూరి వాకిట్లో కుక్కలు, దూడలు తిరుగుతుంటాయి.

అసలు కీలకం గుర్తులు కలపడంలో ఉంది. పెట్రోలు బండైతే స్పార్క్ ప్లగ్గులన్నీ తీసేస్తే ఇంజిన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. మొదటి సిలిండర్ ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు ఆనించి, క్రాంక్ బోల్టుకు స్పానర్ వేసి మెల్లగా తిప్పితే ఒకచోట గాలి వేలిని గట్టిగా తోస్తుంది. పిస్టన్ కంప్రెషన్‌లో పైకొస్తోందని దానర్థం. అక్కడినుంచి ఇంకొంచెం తిప్పి, క్రాంక్, కామ్ గుర్తులు రెండూ కంపెనీ చెప్పిన చోట నిలిచాయో లేదో చూసుకోవాలి. ఎటు తిప్పాలన్నది కూడా బండిని బట్టే. చాలా ఇంజిన్లు గడియారపు ముల్లు తిరిగే వైపే తిరుగుతాయి కానీ, 1998లో మన దేశానికి వచ్చిన హోండా సిటీ ఇంజిన్ దానికి ఎదురు తిరుగుతుంది.

పాత బెల్టు ఇంకా బిగువుగా ఉండగానే క్రాంక్, కామ్ పుల్లీలు రెండింటి మీదా, వాటి ఎదురుగా ఇంజిన్ మీదా తెల్ల పెయింటుతో చుక్కలు పెట్టి, ఫోనులో ఫొటోలు తీసుకోవాలి. ఈ పని ఒక్క పది నిమిషాలది. కొందరు క్రాంక్ బోల్టు ఊడదీసేటప్పుడు షాఫ్టు తిరగకుండా లాక్ పిన్నులనే ఆధారం చేసుకుంటారు. అలా చేయనే కూడదు. అవి స్థానం చూపడానికేగాని బలం మోయడానికి కావు, విరిగి ఇంజిన్ లోపల చిక్కుకుంటాయి. పుల్లీని పట్టి ఉంచే పనిముట్టు వేరే ఉంది.

కొత్త బెల్టు ఎక్కించాక కూడా తాళం చెవి జోలికి పోకూడదు. క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా అడ్డం తగిలితే అక్కడే ఆపేయాలి. ఏమీ తగలకుండా తిరిగి, తెల్ల చుక్కలు మళ్లీ ఎదురెదురుగా వచ్చాకే కవర్లు బిగించడం.